ఎముక బొడిపెల ఆపరేషన్: మన ఒంగోలు, నెల్లూరు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు. మా నాన్నకి ఈ జబ్బు ఉండేది, నాకుంది, మా పెద్దోడికీ వచ్చింది. నా ఒంటి మీద నాలుగు ఆపరేషన్లు, వాడి మీద రెండు. పుట్టింది కందుకూరు పక్కన పల్లెలో, పెళ్లయ్యాక నెల్లూరు. ఈ గడ్డలున్న పిల్లల అమ్మానాన్నలు ఎవరి ద్వారానో నంబర్ తీసుకుని ఫోన్ చేస్తా ఉంటారు, అందరూ దాదాపు ఇవే అడుగుతారు, అందుకే ఒకచోట రాసి పెడ్తున్నా. మీ పిల్లోడి విషయంలో ఆఖరి మాట మాత్రం వాడి ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టర్‌దే.

అసలు ఈ జబ్బేంది? పేరేంది?

మల్టిపుల్ హెరిడిటరీ ఎక్సోస్టోసిస్ అంటారు, కొందరు డాక్టర్లు మల్టిపుల్ ఆస్టియోకాండ్రోమా అని రాస్తారు, రెండూ ఒకటే. పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదల ప్లేట్ ఉంటుంది, ఎముక పొడుగు పెరిగేది అక్కడే. ఈ జబ్బులో ఆ ప్లేట్ పక్క నుంచి ఎముక దారి తప్పి బయటికి బొడిపెలా పెరుగుతుంది, దాని నెత్తిన మృదులాస్థి (మెత్తటి ఎముక లాంటి కార్టిలేజ్) టోపీ లాగా ఉంటుంది. మోకాలి చుట్టూ, చీలమండ, మణికట్టు, భుజం, పక్కటెముకలు, రెక్క ఎముక, తుంటి, ఎక్కడైనా రావొచ్చు. సుమారు 50,000 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. చాలామందికి మూడు నాలుగేళ్లకే చేతికి తగుల్తాయి, 12 ఏళ్లు వచ్చేసరికి దాదాపు అందరిలో బయటపడతాయి. మా వాడికి స్నానం చేయిస్తుంటే కుడి రెక్క ఎముక మీద నిమ్మగింజంత గట్టిగా తగిలింది, అప్పటికి వాడికి రెండున్నరేళ్లు, నాకు ఎక్స్‌రే అక్కర్లేకుండానే అర్థమైపోయింది.

ఇది ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చింది కాదా?

కనిగిరి, పొదిలి, దర్శి వైపు వాళ్లు మొట్టమొదట అడిగేది ఇదే, అడగడంలో తప్పేం లేదు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి మొదట వైద్య పత్రికలో రాసింది 1937 లో, అది కూడా ఈ ప్రాంతం గురించే, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఇదంతా నెల్లూరు జిల్లా, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970 లో. కాబట్టి మన వైపు ఎముకల బాధ అనగానే బోరు నీళ్ల మీదకి ధ్యాస పోవడం సహజం. మా నాన్నని కూడా ఊళ్లో అందరూ ఫ్లోరైడ్ మనిషనే అనుకున్నారు, ఆయనా చాలా ఏళ్లు అట్టే అనుకుని బతికాడు.

కానీ రెండూ వేరు. ఫ్లోరైడ్ అయితే పళ్ల మీద పసుపు గోధుమ రంగు చారలు, నడుము మెడ బిగుసుకుపోవడం, ఒకే నీళ్లు తాగే ఊళ్లో చాలామందికి ఉండడం కనిపిస్తుంది. మనదైతే ఒక్క కుటుంబంలో ఉంటుంది, చిన్నప్పట్నుంచే కీళ్ల దగ్గర విడివిడిగా గడ్డలు. ఎక్స్‌రేలో తేడా బాగా తెలుస్తుంది. ఒకే మనిషికి రెండూ ఉండే అవకాశం కూడా ఉంది కాబట్టి మంచి నీళ్లు తాగండి, కానీ నీళ్లు మార్చినంత మాత్రాన బొడిపెలు కరగవు.

మేనరికం చేసుకున్నందుకు వచ్చిందా? గ్రహణం పట్టినప్పుడు బయటికొచ్చిందని అత్తగారు అంటున్నారు...

రెండూ కాదు. ఇ.ఎక్స్.టి.1, ఇ.ఎక్స్.టి.2 అనే రెండు జన్యువుల్లో ఒకదాంట్లో లోపం వల్ల వస్తుంది. అమ్మకో నాన్నకో ఒకరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదు అనే లెక్క లేదు, ప్రతి కాన్పుకీ మళ్లీ సగమే. వంశంలో ఎవరికీ లేకుండా కొత్తగా వచ్చిన వాళ్లు కూడా సుమారు పది మందిలో ఒకరు ఉంటారు. దయచేసి కోడల్ని తిట్టొద్దు, నేను పడ్డా ఆ మాటలు.

పాలు, రాగి సంకటి, నువ్వులు మానేయాలా? క్యాల్షియం ఎక్కువై గడ్డలు వస్తున్నాయేమో?

మానొద్దు. క్యాల్షియానికీ దీనికీ సంబంధం లేదు, ఎదిగే పిల్లోడి నోటి దగ్గర పాల గ్లాసు లాక్కోవడం తప్ప దాంతో ఒరిగేదేం లేదు.

ఒంటి మీద ఇరవై గడ్డలున్నాయి. అన్నీ తీయించేయాలా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే టైముంటే ఇదే చదవండి. గడ్డ ఉందని ఆపరేషన్ చేయించరు, గడ్డ ఇబ్బంది పెడ్తుంటే చేయిస్తారు. నా ఒంట్లో ఇప్పటికీ లెక్కపెడితే పదిహేను దాకా ఉంటాయి, వాటిల్లో నన్ను పలకరించేవి రెండో మూడో, మిగతావి అట్టా పడున్నాయి, పడుండనీ.

తీయించాల్సిన కారణాలు ఏంటంటే, నరాన్ని నొక్కి తిమ్మిరెక్కడం లేదా బలం తగ్గడం, రక్తనాళానికి ఒరుసుకోవడం (మోకాలి వెనక ఉండే గడ్డలతో ఇది ఎక్కువ), కీలు పూర్తిగా వంగకపోవడం లేదా తిరగకపోవడం, కండరం దాని మీద నుంచి జారినప్పుడల్లా టక్కుమని నొప్పి పుట్టడం, పక్క ఎముకని నెట్టి వంకర తిప్పడం, ఇంక పెద్దయ్యాక కూడా పెరుగుతూ అనుమానం రావడం. చూడ్డానికి బాగలేదు అనేది కూడా కారణమే, ముఖ్యంగా వయసొచ్చిన పిల్లలకి, దాన్ని చులకన చేయొద్దు, కాకపోతే ఒక గడ్డ పోయి ఒక మచ్చ వస్తుంది, ఆ సంగతి పిల్లకి ముందే చెప్పండి.

మా పెదనాన్న కొడుకొకాయన ఉన్నాడు, ఆయనకీ ఉంది, ఒకేసారి పని అయిపోద్దని ఒక్కరోజే ఆరు తీయించుకున్నాడు. అందులో నాలుగు ఆయన్ని ఏనాడూ బాధపెట్టినవి కాదు. ఇప్పుడు గడ్డల నొప్పి లేదు గానీ కుట్లేసిన చోట్ల నొప్పుంది.

ఏ వయసులో చేయిస్తే మంచిది?

ఆగగలిగిన గడ్డకి ఎముకలు ఎదగడం ఆగేదాకా ఆగడమే మంచిదంటారు, ఆడపిల్లలకి సుమారు 14 నుంచి 16, మగపిల్లలకి 16 నుంచి 18. ఎందుకంటే చిన్నప్పుడు గడ్డ ఎదుగుదల ప్లేట్‌కి ఆనుకుని ఉంటుంది, తీసేటప్పుడు ప్లేట్ దెబ్బతింటే ఆ ఎముక పొట్టిగానో వంకరగానో తయారవుతుంది, పైగా మృదులాస్థి టోపీ, దాని చుట్టూ ఉండే పొర ఏ కొంచెం మిగిలినా మళ్లీ పెరుగుద్ది. పిల్లోడు పొడుగయ్యే కొద్దీ గడ్డ ప్లేట్ నుంచి దూరం జరుగుతుంది, అప్పుడు తీయడం సులువు.

కానీ ఆగకూడనివి ఉన్నాయి. ముంజేయి వంకర పోతుంటే, మోకాళ్లు లోపలికి తిరుగుతుంటే, నరం నొక్కుతుంటే, "పెద్దయ్యాక చూద్దాంలే" అంటే అప్పటికి చేయడానికేం మిగలదు. అందుకే ఎదిగే పిల్లల్ని ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూపించి కొలతలు తీయించుకోవాలి.

మోకాలి బయటి పక్క గడ్డ చిన్నదే కదా, మన ఊళ్లోనే తీయించేయొచ్చా?

ఇక్కడ నా సంగతి చెప్తా. నాకు 17 ఏళ్లప్పుడు ఎడమ మోకాలి బయటి పక్క, పిక్కలో ఉండే సన్నెముక తల దగ్గర, ఉసిరికాయంత గడ్డ. ఒక ఆసుపత్రిలో చిన్న ఆపరేషనే అన్నారు, అరగంట అన్నారు. మత్తు దిగాక పాదం పైకెత్తబోతే లేవలేదు. వేలాడిపోయింది. ఆ సన్నెముక మెడ చుట్టూ తిరిగి పోయే నరం ఒకటుంది, కామన్ పెరోనియల్ నర్వ్ అంటారు, పాదాన్ని పైకి లేపేది అదే, అది చర్మానికి చాలా దగ్గరగా పోతుంది, గడ్డ ఉంటే ఎక్కడో పక్కకి జరిగి సాగి ఉంటుంది. ఆ మాట మాకు ముందు ఒక్కరూ చెప్పలేదు, సంతకం మాత్రం పెట్టించుకున్నారు.

11 నెలలు ప్లాస్టిక్ పట్టీ వేసుకుని నడిచా. నరం కోలుకుంటే రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున కోలుకుంటుందని ఫిజియో చెప్తే, మోకాలి నుంచి పాదం దాకా ఎన్ని మిల్లీమీటర్లో స్కేలు పెట్టి కొలుచుకున్నా. చాలావరకు తిరిగొచ్చింది, బొటనవేలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా లేవదు, హవాయి చెప్పులు జారిపోతాయి.

కాబట్టి ఆ చోటి గడ్డకి డాక్టర్ని మూడు మాటలు అడగండి: ఇలాంటి గడ్డలు ఇంతకుముందు తీశారా, నరాన్ని ముందు వెతికి పట్టుకుని పక్కకి పెట్టి తీస్తారా, పాదం వేలాడిపోతే తర్వాత ఏం చేస్తారు. మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకి కోప్పడడు.

ముంజేయి పొట్టిగా, వంకరగా ఉంది. దీనికేం చేస్తారు?

ముంజేతిలో రెండెముకలు జంటగా పెరగాలి. చిటికెన వేలి వైపుది, అల్నా, ఈ జబ్బులో వెనకబడి పొట్టిగా ఉండిపోద్ది, రెండోది, రేడియస్, పెరగడం ఆపదు కాబట్టి విల్లులా వంగుతుంది. చెయ్యి చిటికెన వేలి వైపుకి వాలుతుంది, అరచెయ్యి పైకి తిప్పడం కష్టమవుతుంది, అంటే ముద్ద పట్టుకోవడం, చిల్లర అందుకోవడం. ఇంకా ముదిరితే రేడియస్ తల మోచేయి దగ్గర కీలులోంచి జారిపోతుంది, ఒకసారి జారాక మళ్లీ కూర్చోబెట్టడం చాలా కష్టం. అందుకే జారకముందే పట్టుకోవాలి. గడ్డ తీయడం, వంగిన ఎముక కోసి సరిచేయడం, పొట్టి ఎముకని సాగదీయడం, వీటిల్లో పిల్లోడి ఎక్స్‌రేని బట్టి ఏది కావాలో అది చేస్తారు. వంకరున్నా పనులన్నీ చేసుకుంటూ నొప్పి లేకుండా ఉన్న పిల్లలూ ఉన్నారు, వాళ్లని ఎక్స్‌రే అందంగా రావడం కోసం కోయక్కర్లేదు.

ఎముకని సాగదీయడమా? అదెట్టా?

సైబీరియాలో కుర్గాన్ అనే ఊళ్లో ఇలిజరోవ్ అనే డాక్టర్ 1950ల్లో కనిపెట్టిన పద్ధతి. ఎముకని జాగ్రత్తగా కోసి, బయట ఫ్రేము బిగించి, ఐదు నుంచి ఏడు రోజులు ఆగి, తర్వాత రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున రెండు ముక్కల్నీ దూరం జరుపుతారు, మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. ఆ మిల్లీమీటరు కూడా ఒక్కసారి కాదు, ఫ్రేముకుండే నట్టు తిప్పుతూ పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు సార్లు.

మా వాడికి తొమ్మిదేళ్లప్పుడు ఎడమ ముంజేతికి 18 మిల్లీమీటర్లు కావాలన్నారు. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి పదకొండు. స్పానర్ మా ఆయన చేతిలో, పెన్సిల్ నా చేతిలో, తిప్పిన ప్రతిసారీ గోడ మీద క్యాలెండర్లో ఆ తేదీ గడిలో ఒక గీత, రాహుకాలం వర్జ్యం రాసే చోట మా గీతలు. నాలుగో రోజు ఒక గీత ఎక్కువ పడిందా తక్కువ పడిందా అని ఇద్దరం పోట్లాడుకుని ఆసుపత్రికి ఫోన్ చేశాం, అట్టా అనుమానమొస్తే ఫోనే చేయండి, మీరే ఊహించి ఇంకోసారి తిప్పొద్దు. తిప్పడం 18 రోజుల్లో అయిపోయింది కానీ కొత్త ఎముక గట్టిపడేదాకా ఫ్రేము మూడున్నర నెలలు చేతి మీదే ఉంది. అందరూ 18 రోజులే అనుకుని వస్తారు, ఈ మూడున్నర నెలలే అసలు పరీక్ష.

పిన్నులు చర్మంలోకి పోయే చోట శుభ్రం ఎట్టా చేయాలో మీ ఆసుపత్రి వాళ్లు చూపించినట్టే చేయండి, పసుపు, కొబ్బరి నూనె, నాటు మందు ఏదీ పెట్టొద్దు. ఎర్రబడడం, చీము, జ్వరం, ఉన్నట్టుండి నొప్పి పెరగడం కనిపిస్తే ఆరోజే వెళ్లాలి. రోహిణి కార్తెలో మన ఒంగోలు ఎండకి చెమట పట్టి పిన్నుల దగ్గర చిరచిరలాడిపోద్ది, వీలుంటే ఎండాకాలం తప్పించండి, సెలవులు కలిసొస్తాయని మేము మే నెల పెట్టుకుని తప్పు చేశాం. చొక్కా చేయి పక్క కుట్టు విప్పి నాలుగు జతల నాడాలు కుట్టమని టైలర్‌కి ముందే ఇవ్వండి, ఆపరేషన్ అయ్యాక దీనికి తిరగలేరు.

మోకాళ్లు ఒకదానికొకటి తగుల్తున్నాయి, నడిస్తే రాసుకుంటున్నాయి...

దీనికి పిల్లలు ఎదిగే వయసులో ఉంటే చిన్న ఆపరేషన్‌తో పనవుతుంది. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే చిన్న ప్లేటు, రెండు స్క్రూలు, ఎదుగుదల ప్లేట్‌కి లోపలి పక్కన వేస్తారు. ఆ పక్క పెరగడం నెమ్మదిస్తుంది, బయటి పక్క పెరుగుతుంది, కాలు దానంతటదే తిన్నగా వస్తుంది. తిన్నగా అయ్యాక ప్లేటు తీసేయాలి, తీయించడం మర్చిపోతే కాలు ఇటు నుంచి అటు వంగుద్ది, చెకప్‌లు మానేస్తే జరిగేది ఇదే. ఎదుగుదల ఇంకా ఒకటి రెండేళ్లైనా మిగిలుండాలి కాబట్టి పదో తరగతి అయ్యాక చూద్దాం అనే బేరం దీనికి కుదరదు.

పుత్తూరు కట్టు కట్టిస్తే తగ్గదా?

తగ్గదు. అది విరిగిన ఎముకకి వెళ్లే చోటు, ఇక్కడ ఏదీ విరగలేదు. గడ్డని నూనె పోసి తోమడం, గట్టిగా నొక్కడం అసలు చేయొద్దు, మొన తేలిన గడ్డ పక్కనే నరమో రక్తనాళమో ఉంటుంది.

వెన్నులో మత్తు సూది ఇవ్వొచ్చా?

వెన్నెముక గొట్టం లోపలి వైపు కూడా ఒక్కోసారి గడ్డ ఉంటుంది, బయటికి తెలీదు. అందుకే మత్తు డాక్టర్‌కి జబ్బు పేరు మీరే చెప్పండి, వెన్నుకి ఎమ్మారై తీయించాలా అని అడగండి. కాన్పుకి వెళ్లే ఆడవాళ్లు ఇది మర్చిపోకూడదు. తుంటి ఎముకలో గడ్డలుంటే బిడ్డ వచ్చే దారి ఇరుకవ్వొచ్చు, సిజేరియన్ అవసరం పడొచ్చు, నొప్పులొచ్చాక చెప్పే సంగతి కాదు ఇది, మొదటి చెకప్‌లోనే చెప్పేయాలి.

ఆపరేషన్ తర్వాత పథ్యం ఏంది? చేప, గుడ్డు, వంకాయ పెడితే చీము పడుద్దా?

పడదు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పు, గుడ్డు, పెరుగు, చేప అన్నీ పెట్టండి, వేరే జబ్బుల వల్ల డాక్టర్ వద్దంటే తప్ప. మా అత్త నలభై రోజులు చారన్నమే అంది, మా వాడు పదో రోజుకే చేపల పులుసు కోసం ఏడిస్తే ఫిజియో అమ్మాయే పెట్టమంది. మానుకోవాల్సింది ఏదైనా ఉంటే పెద్దవాళ్ల సిగరెట్టు, బీడీ, ఎముక అతుక్కోవడానికి అవి అడ్డం.

ఈ గడ్డలు క్యాన్సర్ అవుతాయా?

చాలామందికి అవ్వవు. జీవితం మొత్తం మీద నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా అని డాక్టర్లు చెప్తారు, దాన్ని కాండ్రోసార్కోమా అంటారు, చిన్నపిల్లల్లో చాలా అరుదు, 20 దాటాకే ఎక్కువ, తుంటి, భుజం లాంటి చోట్ల ఎక్కువ. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే, ఎదుగుదల ఆగిపోయాక ఏ గడ్డా పెరగకూడదు. పెరిగినా, కొత్తగా నొప్పి మొదలైనా వెంటనే ఎమ్మారై. పెద్దవాళ్లలో మృదులాస్థి టోపీ రెండు సెంటీమీటర్లు దాటి మందంగా ఉంటే అనుమానిస్తారు. అనుమానం ఉన్నదాన్ని దొరికినచోట కోయించొద్దు, ఎముకల క్యాన్సర్ చూసే చోటికే ముందు పోవాలి, మనకి దగ్గర చెన్నై, అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. దీనికి కీమో, రేడియేషన్ పెద్దగా పనిచేయవు, చుట్టూ మంచి భాగంతో సహా శుభ్రంగా తీయడమే వైద్యం, మొదటిసారి సరిగ్గా తీయకపోతే రెండోసారి కష్టం. మామూలు గడ్డ తీసినా ల్యాబ్‌కి పంపారా అని అడిగి ఆ రిపోర్టు దాచుకోండి.

కోయకూడని జబ్బు ఒకటుందంట, నిజమేనా?

నిజం. ఎఫ్.ఓ.పి అని, పది ఇరవై లక్షల మందిలో ఒకరికి వచ్చేది. అందులో కండరాలే ఎముకగా మారతాయి, కోస్తే ఇంకా పెరుగుతుంది, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపడం, కండకి సూది వేయడం కూడా ప్రమాదమే. పుట్టుకతోనే రెండు కాళ్ల బొటనవేళ్లు పొట్టిగా, పక్క వేళ్ల వైపుకి తిరిగి ఉండడం దాని గుర్తు. మీ బిడ్డ బొటనవేళ్లు అట్టా ఉండి, మెడ మీద, వీపు మీద మెత్తటి వాపులు వచ్చి గట్టిపడుతుంటే ఎవర్నీ కత్తి పెట్టనివ్వకుండా ముందు జన్యు పరీక్ష అడగండి.

ఎక్కడికి పోవాలి? ఖర్చు?

ముందు ఒంగోలు రిమ్స్‌లో గానీ నెల్లూరు పెద్దాసుపత్రిలో గానీ ఎముకల విభాగంలో చూపించి ఎక్స్‌రేలు తీయించుకోండి. ముంజేయి, ఫ్రేము లాంటి పెద్ద పనులకి పిల్లల ఎముకల డాక్టర్ ఉండే చోటు కావాలి. తిరుపతిలో టీటీడీ వాళ్ల బర్డ్ అనే ఎముకల ఆసుపత్రి ఉంది, వెల్లూరు సీఎంసీ ఉంది, చెన్నై పినాకిని రైలుకి పోయేంత దూరమే. జన్యు పరీక్షకి హైదరాబాద్ నిమ్స్‌లో ప్రత్యేక విభాగం ఉంది. 2007 లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది, చేరకముందే ఆ డెస్కు దగ్గర మీ ఆపరేషన్ పేరు చెప్పి, ప్లేట్లు, ఫ్రేము ఖర్చు కూడా అందులో కలుస్తుందా, ముందస్తు అనుమతి వచ్చిందా అని అడగండి. పాత ఎక్స్‌రేలు పారేయొద్దు, మడవొద్దు. రెండేళ్ల కిందటి ఫిల్మ్ పక్కన పెట్టి చూస్తేనే గడ్డ పెరిగిందో లేదో తెలిసేది.

వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా?

గడ్డల లెక్కని బట్టి రాదు, చెయ్యి కాలు ఎంత పనిచేస్తున్నాయో కొలిచి ఇస్తారు. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన ఉంటే రిజర్వేషన్ లాంటివి వర్తిస్తాయి. సదరం క్యాంపుకి పోయేటప్పుడు మణికట్టు ఎంత తిరుగుతుందో రాసిన డాక్టర్ కాగితం పట్టుకుపోండి.

పెళ్లి సంబంధాల్లో చెప్పాలా?

చెప్పాలి. మా నాన్న నా పెళ్లిచూపుల్లో తన ముంజేయి చూపించి "నాకుంది, అమ్మాయికుంది, పుట్టేవాళ్లకి రావొచ్చు" అన్నాడు. రెండు సంబంధాలు పోయాయి, మూడో ఆయనతోనే కాపురం చేస్తున్నా. పిల్లల్ని కనకముందే అమ్మానాన్నల్లో జబ్బున్నవాళ్లకి రక్త పరీక్షతో ఏ జన్యువులో ఏ లోపమో తేల్చుకుంటే, కావాలనుకున్నవాళ్లు కడుపులో బిడ్డకి 11 నుంచి 13 వారాల మధ్య పరీక్ష చేయించుకోవచ్చు. ఉందో లేదో తెలుస్తుంది గానీ ఎంత తీవ్రంగా ఉంటుందో తెలీదు, ఒకే ఇంట్లో ఒకరికి మూడు గడ్డలు, ఒకరికి ముప్ఫై ఉంటాయి. మేం మా వాడప్పుడు పరీక్ష వద్దనుకున్నాం, చేయించుకున్నవాళ్లని తప్పు పట్టే హక్కు నాకు లేదు.

"అమ్మా, ఆపరేషన్ నొప్పి పుడుతుందా?" అని అడిగితే ఏం చెప్పాలి?

పుడుతుందనే చెప్పండి. "చీమ కుట్టినట్టు ఉంటుంది" అని తీసుకెళ్తే రెండో ఆపరేషన్‌కి వాడు మీ మాట నమ్మడు, ఈ జబ్బులో రెండోది ఉండే అవకాశం ఎక్కువ. నేను మా వాడికి ఉన్నదున్నట్టు చెప్పా, కోసేటప్పుడు నిద్రలో ఉంటావు తెలీదు, లేచాక నొప్పి పుడుద్ది, చెప్తే నర్సు మందిస్తుంది, మూడో రోజుకి తగ్గుద్ది, ఫ్రేము చూసి బళ్లో అడుగుతారు, ఏం చెప్పాలో నువ్వే ఆలోచించుకో అని. వాడు రాత్రంతా ఆలోచించి, ఏ గడ్డ తీస్తారో తనకి కూడా ఎక్స్‌రేలో చూపించమని డాక్టర్ని అడిగాడు. ఆయన వాడి కుర్చీ దగ్గరికి వచ్చి, లైటు మీద ఫిల్మ్ పెట్టి, స్కెచ్ పెన్‌తో సున్నా చుట్టి చూపించాడు. "మిగతావి?" అన్నాడు మా వాడు. "అవి నిన్నేమైనా అంటున్నాయా?" అన్నాడాయన. "లేదు" అన్నాడు వీడు. "అయితే వాటి జోలికి మనం పోం" అన్నాడు.